రిఫరీ ఎక్కడ నిలబడ్డాడు?

రాజమండ్రిలో మా ఆశ్రమ పాఠశాల పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్. గోల్ ముందు మావాడిని తోసేశారు. రిఫరీ విజిల్ వేయలేదు. "ఏజెన్సీ వాళ్లమనే కదా సార్!" అన్నారు పిల్లలు. నాకూ అదే అనిపించింది.

రెండో సగంలో బంతిని వదిలి ఆయన్నే చూశాను. బంతి వెంట పరుగెత్తలేక వెనకబడిపోతున్నారు. మధ్యలో ఆటగాళ్లు అడ్డం. అవతలి జట్టువాడిని తోసినా అలాగే వదిలేశారు.

1986 ప్రపంచకప్‌లో ఇంగ్లండుపై మారడోనా చేత్తో బంతిని నెట్టినప్పుడు, ట్యునీషియా రిఫరీ అలీ బిన్ నాసర్ గోల్ ఇచ్చేశారు. ఆయనకు చెయ్యి కనబడలేదు.

తిరుగు బస్సులో పిల్లలతో అన్నాను: "ఆయన ఎక్కడ నిలబడ్డారో, ఇద్దరికీ ఒకే కొలతో కాదో ముందు చూడండి. కొలత మారితే గట్టిగా అడుగుదాం. దూరం నుంచి చూసి మనల్ని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మనమూ అదే చేయొద్దు."