ఏ రెడ్డి?

కామారెడ్డి బస్టాండులో నిలబడి బస్సుల బోర్డులు చదివితే ఊళ్ల పేర్లలో మనుషులు కనబడతారు. ఎల్లారెడ్డి, మాచారెడ్డి, నాగిరెడ్డిపేట. బస్టాండు ఉన్న ఊరే ఓ కామన్న పేరు. ఎప్పుడో ఎవరో బతికిన మనుషులు, ఏలినవాళ్లో, ఊరు కట్టించినవాళ్లో. పేరు మిగిలింది, చివర రెడ్డి మిగిలింది. ఇంటిపేరు ఒక్కటే పోయింది. ఏ ఇంటి కామారెడ్డి, ఏ ఇంటి ఎల్లారెడ్డి అంటే బోర్డు చెప్పదు.

ఒక్క కామారెడ్డి విషయంలో జనం నోట ఒక జవాబు నిలిచింది. దోమకొండను ఏలిన కామినేని వారి పూర్వీకుడు చిన కామిరెడ్డి పేరు మీద ఈ ఊరు వెలిసిందని చెప్పుకుంటారు. అదే వంశంలో తర్వాతి తరాల పేర్ల చివర రావు చేరింది. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన కామినేని ఉమాపతిరావు ఆ కుటుంబమే. వాళ్ల కోటను శ్రద్ధగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. రెడ్డి పోయి రావు వచ్చినా కామినేని మాత్రం కదల్లేదు. వంశాన్ని ఇప్పటిదాకా పట్టుకొచ్చింది ఆ మాటే. మన ప్రజాజీవితంలో దాన్నే ఒక అక్షరానికి కుదించి, పక్కన చుక్క పెట్టి వదిలేస్తున్నాం. నా బాధ అదీ.

2023 నవంబర్ 30న కామారెడ్డిలో జరిగిన ఎన్నికను దేశమంతా చూసింది. అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖర్ రావు ఒకవైపు, కొద్దిరోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి ఇంకోవైపు. ఇద్దరినీ ఓడించి 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది వెంకటరమణారెడ్డి. మొదటి స్థానంలో ఒక రెడ్డి, మూడో స్థానంలో ఒక రెడ్డి. ఒకరిది బీజేపీ, ఇంకొకరిది కాంగ్రెస్. ఒకరిది కాటిపల్లి వారిల్లు, ఇంకొకరిది అనుముల వారిల్లు. చివరి రెండక్షరాలను బట్టి లెక్కలు వేసేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. ఆ అక్షరాలు కులం చెబుతాయి, ఒకప్పుడు ఊళ్లో పెత్తనం ఎవరిదో కూడా చెప్పేవి. మనిషిని మాత్రం చెప్పవు.

జనానికి ఈ సంగతి బాగా తెలుసు. జీవన్ రెడ్డి అని ఊరుకుంటే ఈ ప్రాంతంలో మాట ముందుకు సాగదు. జగిత్యాల జీవన్ రెడ్డా, ఆర్మూర్ జీవన్ రెడ్డా? మొదటాయన తాటిపర్తి వారు, రెండో ఆయన ఆశన్నగారి వారు. ఇద్దరి పేర్లూ పత్రికల్లో టి., ఎ. అని అచ్చవుతాయి. జనం ఆ అక్షరాలను పట్టించుకోక ఊరి పేరు తగిలించుకున్నారు. బాన్సువాడ నుంచి గెలుస్తూ వచ్చి, తెలంగాణ శాసనసభకు స్పీకర్‌గా పనిచేసిన పోచారం శ్రీనివాస్ రెడ్డి సంగతీ అంతే. పోచారం ఆయన ఊరు, ఇంటిపేరు పరిగె. ఊరి మీది ప్రేమతో వచ్చిన పేరు కనుక దాన్ని తప్పుపట్టను. కానీ పరిగె అన్న మాట ఆయన ఇంట తప్ప బయట ఎంతమంది నోట వినబడుతుంది?

ఎల్లారెడ్డి అని వినగానే నాకు ఊరికన్నా ముందు బద్దం ఎల్లారెడ్డి గుర్తొస్తారు. పాత కరీంనగర్ జిల్లా కమ్యూనిస్టు నాయకుడు. 1947 సెప్టెంబర్ 11న నిజాం పాలన మీద సాయుధంగా తిరగబడమని ఇచ్చిన పిలుపు మీద సంతకం చేసిన ముగ్గురిలో ఒకరు. తక్కిన ఇద్దరు రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. 1952లో ఆయన కరీంనగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఎల్లారెడ్డి అని మాత్రమే రాస్తే చదివేవాడు ఊరనుకుంటాడు. బద్దం అన్న రెండక్షరాలు ముందుంటేనే ఆ మనిషి నిలబడతాడు. నారాయణరెడ్డి అన్నా అంతే. రావి వారు పోరాటయోధుడు, సింగిరెడ్డి వారు 1988 జ్ఞానపీఠం అందుకున్న కవి. ఆరుట్ల రామచంద్రారెడ్డి, ఆరుట్ల కమలాదేవి భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యమంలో ఉన్నారు. ఆమె పేరులో రెడ్డి లేదు. ఇద్దరినీ ఒకే ఇంటి మనుషులుగా చూపేది ఆరుట్ల.

మన దగ్గర ఇంటిపేరు ముందుంటే, అమెరికాలో పేరులో చివరి మాటే ఇంటిపేరు. ఆండ్రూ జాన్సన్ 1865లో, లిండన్ జాన్సన్ 1963లో, తమ అధ్యక్షులు హత్యకు గురైతే ఆ పదవిలోకి వచ్చారు. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఉందని అక్కడ ఎవరూ అనుకోరు. మనవాళ్లు వెళ్లి ఆ పద్ధతిలో ఇమిడేసరికి రెడ్డి ఇంటిపేరై కూర్చుంది. కృత్రిమ మేధలో కృషికి 1994 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డిది అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు. ఇంటిపేరు డబ్బాల. ఈ జిల్లా పిల్లలు చదువుకోవడానికి వెళ్లే బాసర ట్రిపుల్ ఐటీ ఏ విశ్వవిద్యాలయం కింద మొదలైందో దానికి తొలి ఛాన్సలర్ ఆయనే. డబ్బాల అంటే ఆ పిల్లలకైనా తెలుస్తుందా? 1972లో అమెరికాను ఊపేసిన పాట పాడిన హెలెన్ రెడ్డీ పేరు చివరా ఇవే అక్షరాలు. ఆమె ఆస్ట్రేలియాలో పుట్టింది, తండ్రి వైపు మూలం ఐర్లాండు. కాటూరుకూ ఐర్లాండుకూ ఏ పొత్తూ లేకపోయినా అమెరికా జాబితాలో ఇద్దరూ ఒకే వరసలోకి వస్తారు. మైక్రోసాఫ్ట్ అధిపతి నాదెళ్ల సత్య, మిస్ అమెరికాగా గెలిచిన దావులూరి నీనాల ఇంటిపేర్లు మాత్రం అక్కడ చివరికి జరిగాయే గాని చెరిగిపోలేదు. ఇది నాకెంతో సంతోషం కలిగించే విషయం.

ఇ.ఎస్. రెడ్డి సంగతికి వస్తే మనసు ఆగదు. నెల్లూరు సీమలో 1924లో పుట్టి, చదువు కోసం 1946లో న్యూయార్క్ చేరి, ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగిగా దక్షిణాఫ్రికా జాత్యహంకారం మీద ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. 1963 నుంచి ఆ పనికోసం పెట్టిన ప్రత్యేక కమిటీకి కార్యదర్శి, తర్వాత దానికోసమే ఏర్పడిన కేంద్రానికి డైరెక్టర్. 2020లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆ ఇ. వెనక ఉన్నది ఏనుగ. ఎల్లారెడ్డికి ఎమ్మెల్యేగా పనిచేసిన రవీందర్ రెడ్డి ఇంటిపేరు ఏనుగు. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన లక్ష్మణకవిదీ ఏనుగే. పెద్దాపురం ప్రభువు ఆయన పూర్వీకుడికి ఏనుగును బహూకరించడంతో ఆ ఇంటికి ఆ పేరు వచ్చిందంటారు. లక్ష్మణకవి రెడ్డి కాదు, బ్రాహ్మణుడు. చుట్టరికం లేని ఇళ్లు ఇవి, కులాలు వేరు, సీమలు వేరు. ఒక ఇంటిపేరు ఎన్ని గడపల్లో ఉంటుందో, ఎన్ని కులాలను దాటుతుందో చూపించడానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ నాకు దొరకలేదు. ఇ. అన్న అక్షరంలో ఇదంతా కనబడకుండా పోతుంది.

మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఇప్పటికీ పూర్తిగా, ముందే అచ్చవుతుంది. కామారెడ్డి నుంచి, ఎల్లారెడ్డి నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే పిల్లలు పాసుపోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడి దగ్గరికి వచ్చినప్పుడు ఆ మెమో పక్కన పెట్టుకుని, అందులో మొదటి మాటనే ఆ గడిలో నింపాలని నా కోరిక. రెడ్డి ఉంచుకుంటారో తీసేస్తారో వాళ్లిష్టం.