కరెంటు పోతే అంతా మరిచిపోయే కంప్యూటర్

తొంభైలలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఉమ్మడి పాలమూరు జిల్లాలోని చిన్న పట్నాలే. అసలు కంప్యూటర్ చూడాలంటే ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్ ముందు చెప్పులు విడవాలి. లోపల ఏసీ, తలుపుకు కర్టెన్, మానిటర్ మీద గుడ్డ ముసుగు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ కలిపి ఒక కోర్సు. ఫీజు కట్టనిదే పిల్లలను గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు.

మా ఇంటికొచ్చింది వేరే జాతి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో చిన్నాన్న బేరమాడి తెచ్చిన కీబోర్డు అది. టీవీకి తగిలించాలి, వెనక గాడిలో క్యాసెట్ దోపాలి. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ గేమ్ పెట్టెకు నకలు. క్యాసెట్ నిండా మారియో, కాంట్రా. చివరన టైపింగ్ పాఠం, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష. ‘పిల్లల చదువుకు’ అని నాన్నను ఒప్పించింది ఆ చివరి రెండే.

లోపలి చిప్ మాత్రం మంచి వంశానిది, 6502. ఆపిల్ 2లోనూ అదే వంశం. 1984-85లో క్లాస్ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద మన దేశంలో కొన్ని బడులకు చేరిన బీబీసీ మైక్రోలోనూ అదే. ఆ బీబీసీకి టేప్ రికార్డర్ తగిలిస్తే ప్రోగ్రామ్ దాచుకోవచ్చు. మా దానికి ఆ వీలు లేదు, కరెంటు పోతే రాసిందంతా పోయినట్టే. పాలమూరులో ఆ రోజుల్లో కరెంటు సంగతి చెప్పాలా! రైతులు బోరు మోటార్ల కోసం త్రీఫేజ్ ఎప్పుడొస్తుందోనని రాత్రుళ్లు మేలుకునేవాళ్లు.

అందుకని ప్రోగ్రామ్‌ను ముందు నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో చదివే మా బావ పద్ధతి చెప్పాడు: “పది, ఇరవై, ముప్పై అని లైన్లకు నంబర్లేయి. మధ్యల ఏదన్న యాదికొస్తే యాడ పెడ్తవ్ రా?” ఆ ఖాళీల్లో పదిహేను, పదిహేడు ఇరికించుకుంటూ పోయాం. కరెంటొచ్చాక ఒకరు చదివితే ఒకరు కొట్టాలి. ఒక్క కామా తప్పినా తెర మీద ఎర్రరే. సరిచేసేలోపు టీవీలో చిత్రలహరి వేళయితే అమ్మ నిర్దాక్షిణ్యంగా వైరు పీకేది.

గద్వాల మేనత్త ఇంట్లో మగ్గం ఉండేది. అక్కడి వదిన చీర అంచు మీది గోపురంలాంటి కోటకొమ్మను గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి చూపించింది. ఒక వరుసకు ఒకటి, తర్వాతి వరుసకు మూడు, ఆ పైన అయిదు. ఇంటికొచ్చి లూప్‌లో లూప్ పెట్టి నక్షత్రపు గుర్తులతో అదే గోపురం తెర మీద నిలబెట్టాం. ఆ ప్రోగ్రామ్‌ను ఇన్‌లాండ్ లెటర్లో నాగర్‌కర్నూల్‌లో ఉన్న చిన్నమ్మ కొడుక్కు పంపితే, వాడు గోపురాన్ని తలకిందులు చేసి తిరుగు టపాలో పంపాడు.

నన్నడిగితే, ఏసీ గదిలో వర్డ్‌స్టార్ బట్టీ పట్టిన అన్నలకన్నా మాకే ఎక్కువ గిట్టుబాటయింది. వాళ్లు నేర్చిన సాఫ్ట్‌వేర్ విండోస్ దెబ్బకు మూలబడింది. వరుస తప్పకుండా ఆలోచించి రాసే అలవాటు మాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది.

ఆ మూడు ఊళ్లూ 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. ఊళ్లు ఎంత మారినా, మీ ఇంట్లో అటక మీద అలాంటి కీబోర్డు దొరికితే పాత సామాన్లవాడికి వేయకండి. పక్కన గీతల నోటుబుక్కు కూడా ఉంటే, ముందు దాన్ని దాచండి.