పందొమ్మిదిన్నర నిమిషాలు

పంతులుగారు ముందు రాహుకేతువుల్ని వేస్తారు. ఎదురెదురు గళ్లలో ఒకచోట 'రా', ఇంకోచోట 'కే'. తర్వాత శని, గురువు. ఆ తర్వాత రవి, ఆయన్ని అంటిపెట్టుకుని తిరిగే బుధుడు, కాస్త ఎడంగా శుక్రుడు, ఆపైన కుజుడు. చంద్రుణ్ణి చివరికి ఉంచుకుంటారు. రోజుకు పదమూడు డిగ్రీల పైచిలుకు పరుగెత్తేవాడు కాబట్టి లెక్కంతా అక్కడే. చక్రాన్ని స్టీలు స్కేలు ఆనించి గీస్తారు. నాలుగు నాలుగుల పదహారు గళ్లలో నడుమ నాలుగూ ఒకటిగా వదిలేస్తే చుట్టూ పన్నెండు రాశులు. పై వరసలో ఎడమ నుంచి రెండో గడి మేషం, అక్కణ్ణుంచి కుడివైపుగా చుట్టూతా. డెబ్బై దాటిన చెయ్యి. గీత గీసేటప్పుడు కొద్దిగా వణుకుతుంది, అంకె వేసేటప్పుడు వణకదు. ఆ మాట ఆయనతో అంటే తల ఎత్తకుండానే, "గీత వంకరపోతే పర్వాలేదు సార్, అంకె వంకరపోతే ఒకరి పెండ్లి ఆగుతది" అన్నారు.

ఉగాది సంచికకు జాతకాలు చూసేవాళ్ల మీద రాయమని సంపాదకులు అడిగితే జహీరాబాద్ వచ్చాను. హైదరాబాద్‌లో టీవీ సిద్ధాంతులకు కొదవ లేదు. చేత్తో లెక్క కట్టేవాళ్లను చూడాలనుకున్నాను. పైగా ఇది సరిహద్దు ఊరు. బీదర్ కూతవేటు దూరం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది, ఆ తర్వాతే మెదక్‌లో కలిసింది. బజారులో ఒక్క కొట్టు ముందు నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. పంతులుగారి గడప తొక్కే జాతకాలూ అలాంటివే. తెలుగువాళ్లు, కన్నడిగులు తెచ్చేది చదరపు చక్రం. అందులో రాశుల స్థానం మారదు, లగ్నం ఎక్కడ పడితే అక్కడ 'ల' రాస్తారు. మరాఠీవాళ్లు తెచ్చే కుండలి వేరు. పై నడిమి గడి ఎప్పుడూ లగ్నమే, రాశుల్ని అంకెలతో గుర్తిస్తారు. ఒకటి మేషం, రెండు వృషభం. పంతులుగారు ఆ రెంటినీ ఒకే వేగంతో చదువుతారు. ఇంట్లో పెద్దల కాలం నాటి కాగితాలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. వాటిమీద ఇంగ్లిషు తేదీ ఉండదు. ఫస్లీ సంవత్సరం, ఆబాన్, ఆజుర్, బహ్మన్ వంటి నెలల పేర్లు ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఉజ్జాయింపుగా ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. మిగతాది తిథినీ వారాన్నీ సరిపోల్చి పట్టుకోవాలి. నిజాం పోయి ఇన్నేళ్లయినా ఆ నెలల పేర్లు ఈ గదిలో ఇంకా పనికొస్తున్నాయి.

గోడ దగ్గర చెక్క బీరువాలో గ్రహాల స్థానాలు చెప్పే లాహిరి ఎఫిమెరిస్‌లు ఏడాదికొకటి చొప్పున వరసగా ఉన్నాయి. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన కేంద్రం వేసిన పంచాంగ సంస్కరణ సంఘానికి కార్యదర్శి ఈ లాహిరే. చిత్తా నక్షత్రం ఆధారంగా ఆయన కట్టిన అయనాంశనే, అంటే విషువత్తు బిందువుకూ మేషం మొదలుకూ నడుమ ఉన్న తేడానే, ఇవాళ దేశంలో ఎక్కువమంది వాడుతున్నారు. అది ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. ఒక పుస్తకం అట్ట లోపలి వైపు పంతులుగారి చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "జహీరాబాదు, 17-40 ఉ, 77-36 తూ, తీసివేత 19 ని. 36 సె."

ఆ తీసివేత సంగతి చెప్పాలి. మన చేతి గడియారం చూపించే టైము మన ఊరిది కాదు. 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడ దాపున పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి, పడమరన ఉన్న జహీరాబాద్‌కు సూర్యుడు దాదాపు పందొమ్మిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. కాకినాడలోనూ ఇక్కడా ఒకే క్షణాన ఇద్దరు పిల్లలు పుట్టారనుకోండి. తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశిలో ఇద్దరికీ సుమారు అయిదు డిగ్రీల తేడా ఉంటుంది. రాశిలో తొమ్మిదో వంతైన నవాంశ సుమారు పదమూడు నిమిషాలకొకసారి మారుతుంది కాబట్టి ఇద్దరి నవాంశ లగ్నం ఒకటయ్యే అవకాశం లేదు. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు నడుమ దాకా, గడియారాల్ని ఇంకో గంట ముందుకు జరిపారు. అప్పుడు పుట్టినవాళ్ల కాగితం మీద గడియారం టైము ఉంటే ముందు ఆ గంట తీసెయ్యాలి. పంతులుగారికి ఇదంతా కొట్టిన పిండి. స్కూల్లో భూగోళం పాఠంగా ఈ సంగతి చదివి మరిచిపోయిన నాకు, ఒక మనిషి దాన్ని రోజూ వాడుతుండగా చూడటం ఎంతో సంతోషం కలిగించింది.

నేనక్కడ ఉండగా న్యాల్కల్ వైపు ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. కొంగు చివర మడిచి పట్టుకున్న ప్రింటు కాగితం తీసి కింద పెట్టింది. ఒక మొబైల్ యాప్ నుంచి తీసిన జాతకం.

"పిల్లగాని తరఫోళ్లు ఫోన్ల చూసిన్రు అయ్యగారూ. మా పిల్లకు కుజదోషమున్నదట. అన్నీ మాట్లాడుకున్నంక ఇప్పుడు వద్దంటున్నరు. ఫోన్ల ఇట్ల చూసి అట్ల చెప్పిన్రు. ఇది రెండో సంబంధం."

పంతులుగారు కాగితం చూశారు. చంద్రుడు మీనంలో, రేవతి నాలుగో పాదం. కుజుడు కన్యలో. చంద్రుడి నుంచి ఏడో ఇల్లు.

"పిల్లకు పేరే అక్షరం మీద పెట్టిన్రమ్మా?"

"లా మీద. పుట్టినప్పుడు మా ఊరి అయ్యగారే చెప్పిండు."

ఆయన కలం కింద పెట్టారు. రేవతికి అక్షరాలు దే, దో, చా, చీ. 'లా' రావాలంటే అశ్విని నాలుగో పాదం కావాలి. రేవతి తర్వాత వచ్చేది అశ్విని, అంటే ఒక రోజు తేడా. అప్పుడు అడిగారు, ఏ వారమని.

"మంగళారం. మంగళారం అద్దమరాత్రి, పన్నెండు కొట్టినంక ఇరవై నిమిషాలకు. దవాఖాన్ల నర్సమ్మ చెప్పింది."

విషయం తేలిపోయింది. మన పల్లెలో రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయానికి ముగుస్తుంది. ఆవిడకు అది మంగళవారం రాత్రే. గడియారానికి మాత్రం పన్నెండు దాటితే బుధవారం. అవతలివాళ్లు మంగళవారం తేదీ వేసి పక్కన పన్నెండూ ఇరవై, ఏఎం అని కొట్టారు. దాంతో పిల్ల ఇరవైనాలుగు గంటలు ముందే పుట్టినట్టయింది. ఆ యాప్ లెక్క తప్పలేదు. తనకిచ్చిన తేదీకి సరిగ్గానే కట్టింది. వారమేమిటి, పేరేమిటి, ఎవరు చెప్పారు అని అడగలేదు, అంతే.

ఆవిడను కూర్చోబెట్టి పంతులుగారు మళ్లీ మొదటి నుంచి కట్టారు. ఆ రోజు సూర్యోదయం ఆరూ ముప్పై ఐదు. అక్కణ్ణుంచి పుట్టిన వేళకు పదిహేడు గంటల నలభై ఐదు నిమిషాలు. గంటకు రెండున్నర గడియల లెక్కన 44 గడియల 22 విఘడియలు. ఈ అంకెను పక్కన పెట్టుకుని, ఎఫిమెరిస్ దారిలో ఇంకోసారి కట్టారు. పందొమ్మిది ముప్పై ఆరు తీసేసి, నక్షత్ర కాలం కట్టి, లగ్నాల పట్టికలో చూశారు. రెండు దారుల్లోనూ వృశ్చిక లగ్నమే వచ్చింది. చంద్రుడు మేషంలో పదకొండో డిగ్రీ దగ్గర, అశ్విని నాలుగో పాదం. మేషం నుంచి కన్య ఆరో ఇల్లు. లగ్నం నుంచి పదకొండు. శుక్రుడి నుంచి చూసినా దోషం లేదు. దశలు కూడా మారాయి. యాప్ ప్రకారం పుట్టుకతో బుధ దశ, ఇప్పుడు నడుస్తున్నది శుక్రుడు. ఇక్కడ పుట్టుకతో కేతువు, ఏడేళ్లలో ఏడాదీ మూడు నెలలకు కాస్త తక్కువ మిగిలింది. శుక్ర దశ ఇరవై ఏళ్లు, రవి దశ ఆరేళ్లు అయిపోయి ఇప్పుడు చంద్ర దశ. అంత లెక్కకూ కాలిక్యులేటర్ ముట్టలేదు. తీసివేతలు నోటితోనే చేసి, ఒక్కో మెట్టుకీ పక్కన చిన్న చుక్క పెట్టుకుంటూ పోయారు. చివర్లో కాగితం తిప్పి పెట్టి వెనక నుంచి ముందుకు సరిచూశారు.

"బిడ్డా, ఇది వాళ్లకు చూపియ్యి. పిల్లకు దోషం లేదు. ఉన్నా ఏం కాకపోవు, అది వేరే మాట. వాళ్ల అయ్యగారిని నాకు ఫోన్ చెయ్యమను."

ఆ చివరి మాట దగ్గర నా మనసు ఆగింది. ఫోన్ చెయ్యమనడమంటే, చెప్పిన మాటకు తాను నిలబడతానని. ఒక పిల్ల సంబంధం చెడగొట్టిన కాగితానికి అలా పూచీపడే మనిషి ఎవరూ లేరు.

కుజదోషం గురించి నాకున్న కోపాన్ని ఇక్కడ దాచుకోను. మన ప్రాంతంలో లెక్కకు తీసుకునేవి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు ఇళ్లు. పన్నెండింట అయిదు. లగ్నం నుంచి మాత్రమే చూసినా నూటికి నలభైమందికి పైగా దోషజాతకులవుతారు. చంద్రుడి నుంచీ శుక్రుడి నుంచీ కూడా చూస్తే స్థూలంగా పదిమందిలో ఎనిమిదిమందికి ఎక్కడో ఒకచోట తగులుతుంది. శాస్త్రం చదివిన పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే స్వక్షేత్రమనీ, ఉచ్చ అనీ, గురుదృష్టి అనీ బోలెడు మినహాయింపులు పెట్టుకున్నారు. మినహాయింపులు చదివే ఓపిక ఇప్పుడెవరికీ లేదు. దోషమన్న మాట మిగిలింది, అదీ ఆడపిల్ల మెడకే చుట్టుకుంటుంది. అబ్బాయికి దోషముందని రెండు సంబంధాలు తప్పిపోయాయని ఏడ్చిన తండ్రిని నేనెక్కడా చూడలేదు. ఇక కాలసర్ప దోషం. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో అది లేదు, మంత్రేశ్వరుడి ఫలదీపికలో లేదు. దాని పేరుతో జరిగే శాంతులకు మాత్రం అంతు లేదు. "లేనిదాన్ని ఎట్ల పోగొడ్తం సార్?" అన్నారు పంతులుగారు. ఆయన ఆ శాంతి చెయ్యరు. ఆయుర్దాయం అడిగితే చెప్పరు. సంతానం లేదని ఏ జాతకం చూసీ అనరు.

గ్రహాలు మనిషి బతుకును నడిపిస్తాయని నేను నమ్మను. ఆ మాట ఆయనతోనే చెప్పాను. జయంత్ నార్లీకర్, నరేంద్ర దాభోల్కర్ తదితరులు మహారాష్ట్రలో చేసిన పరీక్ష గురించీ చెప్పాను. చురుకైన పిల్లలవీ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవీ జాతకాలు కలిపి ఇస్తే, 27 మంది జ్యోతిష్కులు సగటున 46 శాతమే సరిగ్గా చెప్పగలిగారు. 2009లో ఆ ఫలితం కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. పంతులుగారు శ్రద్ధగా విన్నారు. "మనిషి లేని కాగితం చూసి నేను ఫలితం చెప్పను సార్. ఎదురుంగ కూసున్నోళ్ల బాధ విన్నంకనే చెప్త" అన్నారు. అది ఆ పరీక్షకు జవాబు కాదు. నాకు నచ్చని చోట నచ్చలేదనే రాస్తున్నాను. అయినా ఆ గదిలోకి వచ్చిన వాళ్లు తమ మాట పూర్తిగా వినే మనిషి దగ్గరికి వస్తున్నారని కళ్లారా చూశాను.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీని స్థాపించిన పి.ఎం. భార్గవ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞానం కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయాన్ని 2001లో సవాలు చేశారు. ఆయన పిటిషన్‌ను అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. ఇది శాస్త్రమా కాదా అన్న చోటే ఇరుపక్షాల బలమంతా ఖర్చయిపోయింది. నేను భార్గవ పక్షమే. కానీ ఆ వాదంలో రెండు వైపులా ఎవరికీ పట్టనిది ఒకటుంది. ఈ పంతులుగారి చేతిలో ఉన్న గణితం. రాత్రి తొమ్మిదింటికి బయట నిలబడి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో వేలు పెట్టి చూపించగల మనిషి ఈయన. సూర్యోదయం మన ఊరికెప్పుడో పుస్తకం చూడకుండా చెప్పగలడు. ఫలితాలు చెప్పేవాళ్లకు టీవీ ఉంది, గిరాకీ ఉంది. హేతువాదులకు సభలున్నాయి. ఆకాశాన్ని ఊరి లెక్కతో చదివే ఈ పనికి మాత్రం ఏ పక్షమూ లేదు. ఫస్లీ తేదీల కాగితాలు, అట్టల లోపల రాసుకున్న సవరణలు, పంచాంగాల అంచుల్లో పెన్సిల్ గుర్తులు, వీటిని స్కాన్ చేసి దాచే పని ఒక కాలేజీ గణిత శాఖ తలచుకుంటే పెద్ద కష్టమేమీ కాదు. జ్యోతిషాన్ని నమ్మనక్కర్లేదు. పిల్లలకు రేఖాంశం అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

పంతులుగారి దగ్గర నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌తో చూస్తారు, బాగానే సంపాదిస్తున్నారు. వాళ్లమీద ఆయనకు కోపం లేదు. "ఊరి పేరు సరిగ్గ కొడితే మిషను గూడ సరిగ్గనే చెప్తది. మనోళ్లు ఏ ఊరోళ్లకైనా హైదరాబాదే కొడ్తరు, అదే నా బాధ" అన్నారు. బయల్దేరేముందు ఆయన కోరింది ఒక్కటే. ఎవరికైనా పనికొస్తుంది, పత్రికలో ఆ తీసివేతలు అచ్చు వెయ్యమని. వేస్తున్నాను. గడియారం టైము నుంచి స్థానిక కాలానికి జహీరాబాద్‌లో పుట్టినవాళ్లకు పందొమ్మిదిన్నర నిమిషాలు తీసెయ్యాలి. బీదర్‌కు దాదాపు ఇరవై, నారాయణఖేడ్‌కు పందొమ్మిది, సంగారెడ్డికి పదిహేడున్నర, హైదరాబాద్‌కు పదహారు, వరంగల్‌కు పన్నెండుకు కాస్త తక్కువ, విజయవాడకు ఏడున్నర, కాకినాడకు ఒకటి. విశాఖపట్నానికి మాత్రం మూడు నిమిషాలు కలపాలి. అర్ధరాత్రి దాటి పుట్టినవాళ్లు తేదీ వేసేముందు ఇంట్లో పెద్దల్ని వారం అడగండి.