పది బస్తాల లెక్క

నా బీరువాలో పాత అట్ట ఫైలు ఒకటి ఉంది. డిగ్రీ పట్టా, మార్కుల జాబితాలు, కళాశాలవారు ఇచ్చిన నడవడి ధ్రువపత్రం అందులో వరుసగా ఉన్నాయి. ఆ నడవడి పత్రం మీకూ దొరుకుతుంది. కళాశాల వదిలి వెళ్ళేనాడు గుమాస్తా అచ్చుకాగితంలో పేరు నింపి, ప్రిన్సిపాలు సంతకం చేయించి చేతికిస్తాడు. నడవడి సంతృప్తికరమన్న మాట అందులో ముందే అచ్చయి ఉంటుంది కనుక దానిని ఎవరూ శ్రద్ధగా చదవరు. ఆ తరువాత ఉండవలసిన కాగితం మాత్రం నా ఫైలులో లేదు. అది నేను నాలుగేళ్ళు కొలువు చేసిన చోటినుంచి రావలసిన కాగితం. అది వ్రాయబడింది, తపాలాలో ప్రయాణం కూడా చేసింది. నా చేతికి మాత్రం రాలేదు.

మాది సామర్లకోట. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లా. 2022 నుంచి కాకినాడ జిల్లా. విశాఖపట్నం నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో కాకినాడ శాఖ చీలే జంక్షను కావడంవల్ల మా ఊరి పేరు తెలియని ప్రయాణికుడు అరుదు. ఊరిచుట్టూ గోదావరి నీటితో పండే మాగాణి. ఆ ధాన్యాన్ని నమ్ముకొని వెలసిన బియ్యపు మిల్లులు. 1988లో బి.కాం. పూర్తికాగానే అలాంటి ఒక మిల్లులో లెక్కల గుమాస్తాగా చేరాను. నెలకు 600 రూపాయల జీతం. ఉదయం కాటా దగ్గర తూకాల చీటీలు తీసుకోవడం, మధ్యాహ్నం చిట్టాకు ఎక్కించడం, సాయంత్రం ఆవర్జాలో రైతుల ఖాతాలు సరిచూడడం నా విధులు. బియ్యం ఒక లెక్క, నూక ఒక లెక్క, తవుడు మరొక లెక్క. ఇంటికి వెళ్ళేసరికి నా కనుబొమలు కూడా తవుడు రంగులో ఉండేవి. అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, తువ్వాలుతో దులిపిగాని లోపలికి రానిచ్చేది కాదు.

1990 జనవరిలో సార్వా ధాన్యం ముమ్మరంగా వస్తున్న రోజులవి. ఒకే ఊరినుంచి ఒకే రాత్రి రెండు లారీలు వచ్చాయి. నిద్రమత్తులో ఒక తూకపు చీటీని చిట్టాకు ఎక్కించడం మరిచిపోయాను. నెలాఖరున గిడ్డంగిలోని నిల్వను లెక్కించినప్పుడు పుస్తకంలో ఉన్నదానికన్న పది బస్తాలు ఎక్కువ తేలాయి. డెబ్బై అయిదు కిలోల బస్తాలు పది. అంటే ఏడున్నర క్వింటాళ్ళు. మిల్లుకు పోయినదేమీ లేదు. పోయినదల్లా ఒక రైతుకు. రెండు రాత్రులు కూర్చొని చీటీలన్నీ తిరగవేసి ఆ తప్పు ఎక్కడ జరిగిందో నేనే పట్టుకొన్నాను. పుస్తకంలో ఎర్ర సిరాతో సవరణ వ్రాసి, కారణం క్రింద సంతకం చేసి, కాటాదారు వేలిముద్ర కూడా వేయించాను. రైతుకు రావలసిన సొమ్ము అతనికి అందింది. షావుకారు గారు ఆ పుట చూసి, "దొరికింది కదా, పోనీలే" అన్నారు. అంతటితో ఆ సంగతి నేను మరిచిపోయాను.

1992 వేసవిలో బ్యాంకు పరీక్షకు చదువుకోవాలని కొలువు మానివేశాను. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. దాళ్వా కోతలు జరుగుతున్నాయి. మిల్లు వాకిట లారీలు బారులు తీరి ఉన్నాయి. నెల రోజుల ముందు చెప్పడం మర్యాద. నేను పన్నెండు రోజుల ముందు చెప్పాను. షావుకారు గారు ఒక్క మాటా అనలేదు. జీతం లెక్కకట్టి బల్లమీద పెట్టి, చూపు కాటావైపు తిప్పుకొన్నారు. ఆయన కోపిష్టి కాడు. కోపిష్టి అయి ఉంటే ఆనాడే నాలుగు తిట్లతో ఆ ఋణం తీరిపోయేదేమో.

బ్యాంకు పరీక్షలో నెగ్గలేదు. ఆ ఆగస్టులో కాకినాడలోని ఒక ఎగుమతుల సంస్థ లెక్కల విభాగానికి దరఖాస్తు పెట్టాను. ముఖాముఖి చక్కగా జరిగింది. పూర్వపు యజమాని చిరునామా అడిగితే సంతోషంగా వ్రాసి ఇచ్చాను. రెండు వారాలలో ఉత్తర్వు వస్తుందన్నారు. ఆరు వారాలు గడిచాయి. తపాలా జవాను మా వీధి మలుపు తిరిగేవేళకు నేను గుమ్మంలో ఉండేవాడిని. అతనికి నా ముఖం చూడడమే కష్టంగా తోచిందో ఏమో, కొన్నాళ్ళకు మా ఇల్లు దాటేటప్పుడు సైకిలు వేగం పెంచడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం స్టేషనులో, కాకినాడ బండి దిగిన ఒక పెద్దాయన నన్ను చూసి ఆగారు. ఆయన ఆ సంస్థలోనే పని చేసేవారు, నాన్నగారికి పరిచయస్తులు.

"ఒరే అబ్బాయ్, నీకు చెప్పకూడదు గానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నీ ఉద్యోగం ఖాయమనే అనుకున్నాం. మీ షావుకారు గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందిరా" అన్నారు.

ఆ ఉత్తరంలో ఉన్నవి మూడు వాక్యాలట. 1988 నుంచి 1992 వరకు మా వద్ద పని చేసెను. 1990లో ఇతని లెక్కలలో పది బస్తాల తేడా వచ్చెను. కోతల కాలమున తన ఇష్టానుసారము వెళ్ళిపోయెను. క్రింద సంతకం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఏమీ తోచక భీమేశ్వరాలయానికి వెళ్ళి కూర్చున్నాను. పంచారామాలలో ఒకటైన ఆ ఆలయాన్ని చాళుక్య భీముడు కట్టించాడంటారు. అక్కడి సున్నపురాతి లింగం క్రింది అంతస్తులో మొదలై, పైకప్పును దాటుకొని రెండవ అంతస్తు దాకా పెరిగి ఉంటుంది. క్రింద నిలబడినవాడికి శిరోభాగం కనబడదు. అభిషేకం చూడాలంటే మెట్లెక్కి పైకి వెళ్ళాలి. చిన్ననాటినుంచి ఎన్నోసార్లు ఎక్కిన మెట్లే అవి. ఆ రోజు మాత్రం క్రింది అంతస్తులోనే చాలాసేపు ఉండిపోయాను. మూడు వాక్యాలలో ఒక్కటైనా అబద్ధం ఉంటే బాగుండునని నా మనస్సు వెతుకుతూ ఉంది. అబద్ధం లేదు. చదివినవాడికి మాత్రం నేను పది బస్తాలు కాజేసి, పట్టుబడి, పారిపోయినవాడిగా కనబడతాను.

తొలి ఆలోచన దావా. పెద్దాపురంలో ఒక ప్లీడరు గారిని కలిశాను. ఆయన ఓపికగా విని, శిక్షాస్మృతిలోని పరువునష్టం సెక్షను తీసి చూపించారు. తన ప్రయోజనం కోసమో ఇతరుల మేలు కోసమో సద్భావంతో ఒకరి నడవడిని గురించి చెప్పిన మాటకు ఆ సెక్షనులోనే మినహాయింపు ఉంది. షావుకారు గారు తాను సద్భావంతోనే వ్రాశానంటే కాదని నిరూపించడం ఎలా? (1860 నాటి ఆ స్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయసంహిత వచ్చింది. పరువునష్టపు నిబంధన దాని 356వ సెక్షనులో మినహాయింపులతో సహా కొనసాగుతూనే ఉంది.) 1946 నాటి చట్టం క్రింద చేసిన నమూనా నియమావళిలో శాశ్వత కార్మికుడు కొలువు వదిలేటప్పుడు సేవాపత్రం పొందే హక్కు ఉందని కూడా ఆయన చెప్పారు. కాని ఆ చట్టం సాధారణంగా నూరుమందికి తక్కువ కానిచోట్లకే వర్తించేది. మా మిల్లులో ముఠా కూలీలను కలుపుకొన్నా అంతమంది లేరు. ప్లీడరు గారు ఫీజు పుచ్చుకోలేదు. "కేసు తేలేసరికి నీకు పెళ్ళయి పిల్లలు పుడతారు, వెళ్ళి ఉద్యోగం చూసుకో" అన్నారు.

ఇంటికి వచ్చి చెప్పగా, అమ్మ ఒక్కటే అడిగింది: "ఆయన్నే అడిగావా?"

అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ముందు కాటాదారు ఇంటికి వెళ్ళాను. అతడు అరుగుమీద గోనెసంచి కుట్టుకొంటున్నాడు. సంగతి వినగానే సూది పక్కన పెట్టాడు.

"ఆయ్, గుర్తు లేకపోవడమేంటండి! యర్ర సిరా రాత కింద నా ఏలిముద్ర ఉందండి. ఎవరడిగినా చెప్తానండి" అన్నాడు.

షావుకారు గారి కొలువులో ఇంకా ఉన్నవాడు ఆ మాట అన్నాడు. నాకు అప్పటిదాకా రాని కన్నీరు అప్పుడు వచ్చింది.

మరునాడు మిల్లుకు వెళ్ళాను. షావుకారు గారు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ చూపించారు. నేను నిలబడే ఉన్నాను.

"నేను రాసినదాంట్లో అబద్ధం ఉందా?" అన్నారు.

"లేదండి. మిగతా సగం లేదండి."

"మిగతా సగం వాళ్ళు అడగలేదు."

"అడగడానికి వాళ్ళకు తెలియదు కదండి. ఆ పుట ఒక్కసారి తీయించండి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, తామే అటకమీదినుంచి 1990 చిట్టా దించారు. ఎర్ర సిరా పుట తీసి చదివారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ ఉత్తరం వ్రాసేనాడు ఆయన ఆ పుట చూడలేదని నాకు అప్పుడే అర్థమయింది. తేడా వచ్చిందన్నది ఆయనకు జ్ఞాపకం ఉంది. ఆ తేడా ఎటువైపు వచ్చిందో జ్ఞాపకం లేదు. నా మీద ఉన్న కోపం ఆ ఖాళీని పూరించింది.

"కోతల్లో వదిలేసి పోయావు" అన్నారు చివరకు.

"తప్పేనండి."

"ఆ మాట నువ్వు ఇప్పుడంటున్నావు."

మరొక ఉత్తరం వ్రాసి ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ పుటకు నకలు వ్రాసుకొనేందుకు మాత్రం అనుమతించారు. "సంతకం చెయ్యను, పుస్తకం దాచను" అన్నారు. నేను నకలు వ్రాసుకొన్నాను. కాటాదారు వచ్చి దానిమీదా వేలిముద్ర వేశాడు. షావుకారు గారు చూస్తూనే ఉన్నారు గాని, అతనిని వారించలేదు. ఆ నకలును నా వివరణతో కలిపి కాకినాడకు రిజిస్టరు తపాలాలో పంపాను. ఆ వివరణలో షావుకారు గారిని ఒక్క మాటా అనలేదు. తేదీలు, తూకాలు, కొలువు మధ్యలో మానివేసిన సంగతి, అంతే. మర్యాదగా జవాబు వచ్చింది. ఆ ఉద్యోగం అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు.

తరువాతి దరఖాస్తు రాజమండ్రిలో ఒక సంస్థకు. ఈసారి ఎవరూ అడగకముందే పది బస్తాల సంగతి, కోతల సంగతి నేనే వ్రాసి నకలు జతచేశాను. ముఖాముఖిలో దాదాపు అరగంటసేపు దానిని గురించే అడిగారు. తప్పు ఎలా దొరికింది, ఏ చీటీతో పోల్చావు, సవరణ ఎవరికి చూపించావు అని. 1993లో అక్కడ చేరాను.

అప్పటినుంచి ఇలాంటి కాగితాలను గురించి ఎక్కడ కనబడినా చదువుతూ వచ్చాను. దొరల కాలంలో వారి ఇళ్ళలో పనిచేసిన బట్లర్లు, వంటవాళ్ళు, ఆయాలు పాత యజమానులు ఇచ్చిన చీటీలను భద్రంగా దాచుకొని కొత్త దొర ముందు పెట్టేవారు. ఆంగ్లం చదవలేనివాడికి తన చీటీలో ఏముందో ఎలా తెలుస్తుంది? ఇంగ్లండులో స్ప్రింగ్ అనే ఆయనను గార్డియన్ అనే బీమా సంస్థ తొలగించింది. మరో సంస్థ విచారించగా, అతడు నిజాయితీ లేనివాడన్న అర్థంలో జవాబు వ్రాసింది. వ్రాసినవారు ద్వేషంతో అబద్ధమాడలేదు. తగినంత విచారించకుండా నమ్మి వ్రాశారు. అలా వ్రాయడంలో కూడా జాగ్రత్త వహించే బాధ్యత యజమానికి ఉందని 1994లో అక్కడి ప్రభువుల సభ తీర్పు చెప్పింది. నా కాకినాడ ఉద్యోగం పోయిన రెండేళ్ళకు! జర్మనీలో ఉద్యోగి సేవాపత్రంలో పైకొక అర్థం, లోపల మరొక అర్థం వచ్చే మాటలు వాడరాదని చట్టంలోనే వ్రాసుకొన్నారు. చట్టం అంతదాకా వచ్చిందంటే అక్కడి యజమానులు ఆ విద్యలో ఎంత ఆరితేరారో ఊహించుకోవచ్చు.

మన దేశంలో 2008 మేలో సుప్రీంకోర్టు దేవ్ దత్ కేసులో ఒక మాట తేల్చింది. ఆయన సరిహద్దు రహదారుల సంస్థలో ఇంజనీరు. వార్షిక రహస్య నివేదికలో ఆయనకు వచ్చిన మెప్పు పదోన్నతికి కావలసిన మెప్పుకన్న ఒక మెట్టు తక్కువ. ఆ సంగతి ఆయనకు తెలియజేయలేదు. నింద అయినా మెప్పు అయినా ఉద్యోగిని గురించి వ్రాసిన ప్రతి మాటను అతనికి తెలియజేయాలని, అతడు తన వాదన చెప్పుకొనే వీలుండాలని న్యాయస్థానం అన్నది. అది ప్రభుత్వోద్యోగులకు సంబంధించిన తీర్పు. మిల్లు గుమాస్తాలను గురించి అందులో ఏమీ లేదు.

ఆ ఏడే నా బల్లమీదికి ఒక కాగితం వచ్చింది. మా విభాగంలో రెండేళ్ళు పని చేసిన కుర్రవాడు హైదరాబాదులో కొత్త ఉద్యోగానికి వెళ్ళాడు. సాఫ్ట్‌వేరు కంపెనీలు ఉద్యోగుల పూర్వాపరాలు విచారించడం అప్పటికి మామూలైపోయింది. వారి తరఫున వచ్చిన ప్రశ్నావళి అది. నిజాయితీ ఎలాంటిది, మళ్ళీ చేర్చుకొంటారా, అని గళ్ళు. ఆ కుర్రవాడు వెళ్ళిపోయింది సరిగ్గా మార్చి నెలాఖరున, సంవత్సరాంతపు లెక్కలు మూసే వారంలో. అతని పని కూడా నేనే చేసి, పదకొండు రాత్రులు కార్యాలయంలో పడుకొన్నాను. కలం తీశాను. 'సంవత్సరాంతమున తన ఇష్టానుసారము' అన్న మాటలు కాగితంమీద పడ్డాక గాని నా చేయి ఆగలేదు. ఆ వ్రాత ఎవరిదో నాకు వెంటనే తెలిసింది.

మరో కాగితం తీసుకొన్నాను. అతని పాత ఫైలు తెప్పించి మొదటినుంచి చదివాను. మార్చిలో వెళ్ళిన సంగతి వ్రాశాను. దానికి ముందటి రెండేళ్ళలో అతని పుస్తకాలు ఒక్కసారి కూడా తేడా చూపలేదన్న సంగతీ వ్రాశాను. పంపేముందు అతనికి ఫోను చేసి వాక్యం వాక్యం చదివి వినిపించాను. మార్చి వాక్యం దగ్గర అతడు కాసేపు మౌనంగా ఉన్నాడు.

"అది నిజమేనండి మాస్టారూ" అన్నాడు. "కానీ పైన ఒక తప్పుందండి. నేను చేరింది జూన్‌లో కాదండి, జులైలో. మీరు ఒక నెల ఎక్కువ రాశారండి."

ఫైలు మళ్ళీ తీసి చూశాను. జులైయే. దిద్ది, పక్కన చిన్న సంతకం చేసి పంపాను.