అమ్మ తెలుగు ఎక్కడుంది?

మా అమ్మ తెలుగు రాసుకునేది ఈమాక్స్ అనే ఎడిటరులో. నేను వాడేది అదే కాబట్టి తనకూ అదే నేర్పాను. ఏ, ఎమ్, ఎమ్, ఏ నొక్కితే తెరమీద ‘అమ్మ’ పడుతుంది. పుట్టిల్లు హోసూరు పక్క పల్లె. బడిలో చదివింది తమిళం. ఇంట్లో విన్న తెలుగు మాటలు, సామెతలు నాలుగేళ్లుగా అందులో ఎక్కిస్తోంది.

కిందటేడు కొత్త కంప్యూటరు కొన్నాం. పాతదాంట్లోవి దుకాణంవాళ్లే ఎక్కించి ఇచ్చారు. రాసినవన్నీ ఉన్నాయి, ఎడిటరూ ఉంది. తెలుగు మాత్రం పడదు.

“నా తెలుగు ఎక్కడ పెట్టార్రా?” అంది అమ్మ.

మంచి ప్రశ్నే. మనం చేసుకున్న ఏర్పాట్లు ఎడిటరులో ఉండవు. లేచిన ప్రతిసారీ అది ముందు మన ఇల్లెక్కడో కనుక్కుంటుంది. లినక్సులో ఆ చిరునామా ‘హోమ్’ అనే పేరుమీద ఉంటుంది. అక్కడ ‘డాట్ ఈమాక్స్’ ఫైలుందా అని చూస్తుంది. లేకపోతే ‘డాట్ ఈమాక్స్ డాట్ డి’ ఫోల్డరులో ‘ఇనిట్’ ఫైలు కోసం వెతుకుతుంది. ముందు దొరికినదాన్నే చదువుతుంది, రెండోదాని జోలికి పోదు. 2020లో వచ్చిన 27వ వెర్షను నుంచి, ఈ పాత చోట్లు లేనప్పుడు ‘డాట్ కాన్‌ఫిగ్’ లోపలి ‘ఈమాక్స్’ ఫోల్డరూ చూస్తోంది. ఎక్కడా ఏమీ దొరక్కపోతే గొడవ చెయ్యదు, అప్పుడే కొన్నట్టు తెరుచుకుంటుంది. వచ్చిన చిక్కల్లా అదే. ఫలానాది పోయిందని ఒక్క మాటైనా చెప్పదు!

పేరు ముందు ఆ చుక్క ఉన్నవి మామూలు జాబితాలో కనిపించవు. యూనిక్స్ కాలంనుంచీ ఉన్న ఆచారం. కనిపించినవే దుకాణంవాళ్లు తెచ్చారన్నమాట.

అదృష్టంకొద్దీ పాత కంప్యూటరు అటకమీదే ఉంది. దింపి, దాగినవి కూడా చూపమంటే ఆ ఫోల్డరు బయటపడింది. తెలుగు కీలు ఎంచుకునే వరుస ఒక్కటే అయితే నిమిషంలో మళ్లీ రాసుకోవచ్చు. కానీ రెండక్షరాలు కొడితే నిండు మాట వచ్చేలా అమ్మ ఒక్కొక్కటే చేర్చుకున్న పట్టిక కూడా అందులోనే ఉంది. మోకాళ్ల నొప్పుల కంటే వేళ్ల నొప్పులు ఎక్కువైన మనిషికి అది పెద్ద ఆస్తి. కొత్తదాంట్లో వేసి తెరవగానే, అమ్మ ముందు తన ఊరి పేరు కొట్టి చూసుకుంది.

ఇప్పుడా ఫోల్డరు నకలు పుణేలో మా చెల్లికీ పంపాం. తన కంప్యూటరులో పాత డాట్ ఈమాక్స్ ఫైలు ఉంటే ముందు దాన్ని పక్కకు తియ్యమని చెప్పాను.