కుట్టుమిషన్ నూనె

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక లేత్ ఉంది. కోయంబత్తూరు పంపులకూ మోటార్లకూ పేరుపడ్డ ఊరు కాబట్టి ఇలాంటి షెడ్లు మా పక్క వీధికి రెండు మూడుంటాయి. నాయన పంపుసెట్లకు షాఫ్టులు తిప్పి ఇస్తాడు. తిప్పిన షాఫ్టులో వంకర ఉందా లేదా అని చూసేది డయల్ గేజితో. అది మా తాత కొన్నది. చూడ్డానికి గడియారంలాగా ఉంటుంది, కింద సన్నటి కడ్డీ. కడ్డీ ఒక మిల్లీమీటరు పైకి పోతే ముల్లు ఒక చుట్టు తిరుగుతుంది. చుట్టుకు 100 గీతలు. అంటే ఒక గీత మిల్లీమీటరులో నూరో వంతు. చిన్నప్పుడు నా తలవెంట్రుక దాని కింద పెట్టి చూస్తే ఏడు గీతలొచ్చింది. అమ్మది ఆరే. నాలుగు రోజులు ఆ గొప్పతోనే తిరిగాను.

పోయిన ఆయుధపూజకు షెడ్డంతా నేనే తుడిచాను. స్పానర్లు, కాలిపర్లు, అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టాను. అమ్మ కుట్టుమిషన్‌కు నూనె వేస్తూ వేస్తూ, పక్కనే ఉంది కదా అని డయల్ కడ్డీ మీద కూడా రెండు చుక్కలు వేశాను. సర్రున జారింది. మంచిపని చేశాననుకున్నాను.

దీపావళికి వారం ముందు కంపెనీ వాళ్లు 60 షాఫ్టుల్లో 22 వెనక్కి పంపారు. మూడు గీతల లోపల ఉండాల్సిన వంకర ఆరేడు ఉందట. నాయన వాటిని మళ్లీ వీ బ్లాకుల మీద పెట్టి తిప్పాడు. మా డయల్‌లో ముల్లు రెండు గీతలు కూడా దాటలేదు. వెంటనే ఫోన్ తీశాడు. "మీ డయల్ చెడింది. మాది మా నాయన కాలంది, ఒక్కరోజు అబద్ధం చెప్పలేదు" అని గట్టిగానే అరిచాడు. బిల్లు ఆగిపోయింది. దీపావళి బట్టల మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఊరికే కడ్డీని గోటితో పైకెత్తి వదిలాను. టక్కున పడాలి. పడలేదు. నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా దిగి, సగంలో ఆగింది. షాఫ్టు మెరక దాన్ని పైకి తోస్తోంది, అది అక్కడే అతుక్కుపోతోంది, పల్లం వచ్చినా దిగడం లేదు. ముల్లు కదలకపోతే షాఫ్టు బాగుందనే కదా అనుకుంటాం.

నాయనను పిలిచి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత కడ్డీని వాసన చూసి, "దీనికి ఎవరు నూనె వేశారు?" అని, పనికొచ్చే అబ్బాయికి ఫోన్ చేసి తిట్టాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ రాత్రి అన్నం తిన్నాను, నిద్ర కూడా పోయాను, అదే నాకు ఇప్పటికీ నచ్చని సంగతి.

పొద్దున్నే చెప్పేశాను. నాయన "ఊఁ" అన్నాడు, అంతే. "నువ్వే విప్పు. నాకు ఆ మరలు కనపడవు." నాయనకు చత్వారం. ఈ మాట నేను కాలేజీలోనే నేర్చుకున్నాను, ఇంట్లో మేం వెళ్ళెళుత్తు అనే అంటాం.

వెనక మూత నాలుగు మరలు. విప్పినవి విప్పిన వరసలో టిఫిన్ ప్లేటులో పెట్టాను. కడ్డీని కిందికి లాగే స్ప్రింగును పట్టకారుతో తప్పించి, కడ్డీ తిరగకుండా ఆపే చిన్న మేకును తీసి, కడ్డీని బయటికి లాగాను. అంతే, ముల్లు గిర్రున వెనక్కి తిరిగింది. ప్రాణం పోయింది నాకు. లోపల వెంట్రుకంత సన్నటి చుట్ల స్ప్రింగు ఒకటి ఉంది. చక్రాల పళ్ల మధ్య సందును అదే ఒకవైపుకి పట్టి ఉంచుతుందట. "దాన్ని మాత్రం తాకవద్దు" అన్నాడు నాయన.

కడ్డీ మీద నూనె లేదు, పసుపుపచ్చని జిగురు ఉంది. నూనెకు షెడ్డు దుమ్ము తోడైంది. పెట్రోలులో ముంచిన పాతచీర గుడ్డతో కడ్డీ, అగ్గిపుల్లకు చుట్టిన గుడ్డతో అది దూరే గొట్టం తుడిచి ఆరబెట్టాను. మళ్లీ నూనె వేయకూడదు. ఆ కడ్డీ పొడిగానే నడవాలి.

మొదటిసారి బిగించినప్పుడు ముల్లు ఒక్కోసారి ఒక్కో చోట ఆగింది. చుట్ల స్ప్రింగుకు బిగువు లేదు. మళ్లీ విప్పి, చక్రాన్ని కొంచెం తిప్పి పట్టుకుని కడ్డీ పళ్లు కలపాల్సి వచ్చింది. నాయన టార్చి పట్టుకున్నాడు. మధ్యాహ్నం అయిపోయింది. చివరికి ఫీలర్ గేజిలో 0.05 రేకును కడ్డీ కింద పెట్టి తీసి, పెట్టి తీసి, పదిసార్లు చూశాం. పదిసార్లూ అయిదు గీతలే.

ఆ 22 షాఫ్టులూ తిప్పి చూస్తే నిజంగానే ఆరు, ఏడు, ఒకటైతే తొమ్మిది. నాయన రెండు రోజులు ప్రెస్ దగ్గర కూర్చుని అన్నీ సరిచేశాడు. కంపెనీకి తనే పోయి "తప్పు మా డయల్‌ది" అని చెప్పి వచ్చాడట. నూనె సంగతి చెప్పలేదట. పనికొచ్చే అబ్బాయికి మాత్రం నేనే చెప్పాను. "పోనీలే అక్కా, తిట్లు నాకు అలవాటే" అన్నాడు. కొట్టినా బాగుండేది.

బిల్లు దీపావళి అయ్యాక వచ్చింది. నూనె సీసా ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది. కావాలంటే అడగాలి.