బొగ్గు కడుగునీళ్లు

"నీళ్లలోని విషలోహాల్ని బొగ్గుతో తీసేస్తున్నారట. అదే బొగ్గు మళ్లీ మళ్లీ వాడుతున్నారట. వెళ్లి చూసి రండి" అన్నారు ఎడిటర్‌గారు. హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయం, రసాయనశాస్త్ర విభాగం. ప్రొఫెసర్‌గారు గంటసేపు స్లయిడ్లు చూపించారు. వాటిలో ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నదల్లా సింకు దగ్గర బొగ్గు కడుగుతున్న అటెండర్.

కొబ్బరి చిప్పల బొగ్గు, ఆవగింజల కన్నా సన్నం. బీకరులో నీళ్లు పోసి, గాజుకడ్డీతో ఒక్క తిప్పు తిప్పి ఆగుతాడు. బొగ్గు అడుక్కి దిగేదాకా తొందరపడడు. తర్వాత కడ్డీని బీకరు అంచుకు ఆనించి, పైతేట దాని వెంటే జారేలా వంపుతాడు. ఒక్క రేణువూ పోదు. బియ్యం కడిగేటప్పుడు మా అమ్మ అరచెయ్యి అడ్డం పెట్టేది, అదే ఓపిక. చివరి చుక్క లిట్మస్ కాగితం మీద వేసి, ఎర్రబడితే "ఇంకా యాసిడుంది" అని మళ్లీ మొదలు.

మామూలు బొగ్గుకు సీసం మీద అంత మోజుండదు. నైట్రిక్ యాసిడ్‌లో కాగబెడితే దాని ఒంటి మీద ఆమ్ల గుణమున్న కొక్కేలు మొలుస్తాయి. నీళ్లలో వాటికి రుణావేశం వస్తుంది, ధనావేశమున్న సీసం వచ్చి తగులుకుంటుంది. పీల్చుకోవడం కాదిది, పైన అంటించుకోవడం. అందుకే మన పుస్తకాలు శోషణం అనకుండా అధిశోషణం అన్నాయి, మంచి మాట. ఒక గ్రాము బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ కలిపితే వెయ్యి చదరపు మీటర్లు కూడా ఉండొచ్చు. అవి నిండాక పలచని యాసిడ్‌లో వేస్తే, హైడ్రోజన్ అయాన్లు సీసాన్ని లేపి దాని సీట్లో కూర్చుంటాయి. బొగ్గు మళ్లీ పనికొస్తుంది. నేను చూసింది ఐదో విడత. ప్రతిసారీ కొంత సత్తువ తగ్గుతోందని రీసెర్చి చేస్తున్న అమ్మాయి దాచకుండానే చెప్పింది.

ఆ అమ్మాయి కొత్త సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి, లెడ్ నైట్రేట్ తూచి కలుపుతుంటే అటెండర్ గొణిగాడు: "సీసం మీరే కలుపుతరు, మీరే తీస్తరు. మా నక్కవాగు నీళ్లు ఒక్క క్యానన్నా తెచ్చి పొయ్యిండ్రమ్మా, తెలుస్తది."

"సార్ వద్దన్నారన్నా, రీడింగులు చెడతాయట" అందామె.

అటెండర్‌ది పటాన్‌చెరు దగ్గరి పల్లె. అక్కడి ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో పడి మంజీరకు పోయేది. ఆ గొడవ 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అలాంటి వాగునీళ్లలో సీసం ఒక్కటే రాదు. కాల్షియం, మెగ్నీషియం, నానా ఉప్పులూ పండగనాటి ఆర్టీసీ బస్సెక్కినట్టు ఎక్కి, ముందే కర్చీఫులు వేసేస్తాయి. రీడింగులు చెడవా మరి! చెడితేనే కదా తెలిసేది.

గోడ మీద పోస్టరు: 99 శాతం తొలగింపు. సీసాలో కలిపింది లీటరుకు 50 మిల్లీగ్రాములు. ఒక శాతమంటే అర మిల్లీగ్రాము. తాగునీటిలో సీసానికి మన భారతీయ ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 0.01. అంటే శుభ్రమైందన్న ఆ నీటిలో ఇంకా హద్దుకు యాభై రెట్లుంది. ఈ లెక్క స్లయిడ్లలో ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండింది, బొగ్గు మీద కాదు.

బియ్యం కడుగునీళ్లయితే కుడితిలో పోస్తాం, గేదె తాగుతుంది. బొగ్గును వదిలిన సీసమంతా చేరిన ఈ యాసిడ్ నీళ్లు ఎక్కడ పోస్తారని అడిగాను. ప్రొఫెసర్‌గారు "నిబంధనల ప్రకారం" అన్నారు. అటెండర్ కాలితో సింకు కింది తలుపు తెరిచాడు. ప్లాస్టిక్ డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. మార్కరుతో తేదీలు. అడుగునున్నవాటి మీద సిరా వెలిసిపోయి తేదీ కనబడటం లేదు.

"తీసుకపోతమని ఎప్పుడో ఫారం రాయించుకున్నరు సార్" అని తలుపు మూసి, మళ్లీ బీకరు అందుకున్నాడు. బొగ్గు అడుక్కి దిగింది.